విశాఖలో మీ కాలేజీలో యాక్సెసిబిలిటీ ల్యాబ్ పెట్టాలంటే

మద్దిలపాలెం నుంచి సంగివలస దాకా విశాఖలో ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ఏఐ బ్రాంచి లేని కాలేజీ దొరకడం ఇప్పుడు కష్టమే. ఏటా ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో కనీసం ఒక స్మార్ట్ స్టిక్, ఒక మాట్లాడే గ్లవ్ బల్ల మీద కనిపిస్తాయి. ఫొటోలు తీస్తారు, షీల్డు ఇస్తారు, జూన్ వచ్చేసరికి ఆ బోర్డులోంచి ఆర్డునో పీకి ఇంకో ప్రాజెక్టుకి వాడేస్తారు. చూపు లేనివాళ్లు, వినికిడి లేనివాళ్లు రోజూ నిజంగా వాడుకునే పని ఒక్కటైనా మీ యాక్సెసిబిలిటీ ల్యాబ్ (దివ్యాంగులకు అన్నీ అందుబాటులోకి తెచ్చే పని చేసే ల్యాబ్) నుంచి రావాలంటే ఏ వరసలో వెళ్లాలో కింద రాశాను. కాలేజీలో పాఠం చెప్పే మాస్టార్లు, మేడమ్‌లు, మూడో ఏడు నాలుగో ఏడు పిల్లలు చదువుకోవడానికి ఇది.

ముందు మనుషులు, తర్వాతే గది

గది కోసం ప్రిన్సిపాల్‌కి అర్జీ పెట్టేముందు మీ క్యాంపస్‌లోనే ఉన్నవాళ్లను కలవండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు వాళ్లకు కేటాయించాలి. కాబట్టి మీ యూనివర్సిటీలోనే తెలుగు ఎంఏ, చరిత్ర, లా, బీఈడీ తరగతుల్లో చూపు లేని విద్యార్థులు ఉంటారు. ఇంజినీరింగ్ బ్లాకులో కూర్చున్న మనకు కనబడరు, అంతే. ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ చూసే మాస్టారిని అడగండి. పరీక్షలకు స్క్రైబ్‌లను (చెప్పింది రాసిపెట్టేవాళ్లను) కుదిర్చే గుమాస్తా గారికి ఇంకా బాగా తెలుస్తుంది. హాస్టల్ వార్డెన్‌ని కూడా అడగొచ్చు.

క్యాంపస్ బయట అయితే హనుమంతవాకలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ప్రాంగణం ఉంది. చూపు తిరిగి రాదని తేలినవాళ్లకు మిగిలిన చూపుతో, ఫోనుతో, కర్రతో బతుకు సాగించడం నేర్పే పునరావాస సేవలు ఆ సంస్థలో భాగం. నగరంలో అంధ విద్యార్థుల పాఠశాలలు, బధిరుల పాఠశాలలు ఉన్నాయి. స్కూలుకి వెళ్లేటప్పుడు మాత్రం హెడ్మాస్టర్ గారి రాతపూర్వక అనుమతి లేకుండా వెళ్లకండి. పిల్లలతో మాట్లాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కూడా కావాలి.

మొదటిసారి వెళ్లినప్పుడు చేతిలో పరికరం ఏదీ వద్దు. పరికరం పట్టుకెళ్తే వాళ్లు దాని గురించే మాట్లాడతారు, వాళ్ల రోజు గురించి మాట్లాడరు. "మీకేం కావాలి?" అని అడిగినా పెద్దగా లాభం ఉండదు. "నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఫోనుతో ఏమేం చేశారండీ, ఎక్కడ ఆగిపోయారు?" అని అడగండి. అప్పుడు అసలు సంగతులు బయటికొస్తాయి. హాల్‌టికెట్ పీడీఎఫ్ బొమ్మగా ఉంది, ఫోను చదవట్లేదు. ఫీజు కట్టే పేజీలో క్యాప్చా (బొమ్మలోని అక్షరాలు చూసి టైప్ చేయమనే పరీక్ష) అడ్డం పడుతోంది. నోటీసు వాట్సాప్ గ్రూపులో ఫొటోగా వచ్చింది, ఎవరైనా చదివి చెప్పేదాకా సెలవో పరీక్షో తెలియదు. ఓటీపీ వచ్చేలోపు పేజీ టైమ్ అవుట్ అయిపోతోంది. వీటిలో సగానికి ఏఐ అక్కర్లేదని అక్కడే అర్థమవుతుంది. నిరాశ పడకండి. ఏఐ అవసరం లేని సగాన్ని ముందు పరిష్కరించిన ల్యాబ్‌నే మిగతా సగానికి నమ్ముతారు.

వాళ్లలో ఒకరిద్దరిని మొదటి రోజు నుంచే టీములోకి తీసుకోండి. "టెస్టింగ్ అప్పుడు పిలుస్తాం" అనొద్దు. ఏ పని ఎత్తుకోవాలో తేల్చే మీటింగులోనే వాళ్లుండాలి, గౌరవ వేతనంతో ఉండాలి. ప్రపంచమంతా వాడే ఉచిత స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఎన్‌వీడీఏని 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన మైకేల్ కరన్, జేమ్స్ టే ఇద్దరూ చూపు లేనివాళ్లే.

గది, సామాను

గ్రౌండ్ ఫ్లోర్‌లో ఇవ్వమని పట్టుబట్టండి. మూడో అంతస్తులో ఏసీ గది ఇస్తామంటే ఒప్పుకోవద్దు. లిఫ్టు పాడైన రోజున మీ ల్యాబ్‌కి రావాల్సినవాళ్లే రాలేరు. ర్యాంపు వాలు 12 అడుగుల పొడవుకి 1 అడుగు ఎత్తు మించకూడదు. వీల్‌చెయిర్ పట్టే బాత్‌రూమ్ దగ్గర్లో ఉండాలి. ఉన్నత విద్యాసంస్థల కోసం యూజీసీ 2022లో యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు తెచ్చింది. అర్జీలో ఆ మాట రాస్తే మీ కోరిక కాస్తా నిబంధన అవుతుంది. బల్లలు, కుర్చీలు ఒకసారి ఎక్కడ పెడితే అక్కడే ఉంచండి. గదిని గుర్తుపెట్టుకుని నడిచేవాళ్లు ఉంటారు.

సముద్రం పక్కన ఉన్న ఊరు కదా, ఉప్పు గాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, సెన్సర్ పిన్నులు పచ్చబడతాయి. బోర్డులు, మైకులు మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో సిలికా జెల్ వేసి పెట్టుకోండి. 2014 హుద్‌హుద్ అప్పుడు కరెంటు లేక ఊరు ఎలా ఉందో చూసినవాళ్లకు బ్యాకప్ గురించి వేరే చెప్పక్కర్లేదు. రికార్డు చేసిన డేటా కాపీ ఒకటి ఈ ఊరు బయట ఉండాలి.

సామాను జాబితా చిన్నదే. మూడు నాలుగు మామూలు కంప్యూటర్లు, వాటిలో ఎన్‌వీడీఏ. ఒక స్కానర్. మంచి మైకు ఒకటి, వైరు ఉన్న ఇయర్‌ఫోన్లు నాలుగు. అన్నిటికన్నా ముఖ్యంగా పది పన్నెండు వేల రూపాయల ఆండ్రాయిడ్ ఫోన్లు రెండు మూడు, ఎందుకంటే మీ యూజర్ల చేతిలో ఉండేవి అవే. మీ లక్ష రూపాయల ఫోనులో పరుగెత్తిన మోడల్ వాళ్ల ఫోనులో వేడెక్కి ఆగిపోతుంది. చుక్కలు పైకి లేచి బ్రెయిలీ చూపించే డిస్‌ప్లే ఒకటి తర్వాత కొనుక్కోవచ్చు. జీపీయూ సర్వర్ (ఏఐ మోడళ్లకు శిక్షణ ఇచ్చే పెద్ద కంప్యూటర్) కోసం మొదటి ఏడాది కొట్టుకోవద్దు. చిన్న పనులకు గూగుల్ వాళ్ల ఉచిత కోలాబ్ సరిపోతుంది. పెద్దవి వచ్చినప్పుడు 2024 మార్చిలో కేంద్రం ఆమోదించిన ఇండియా ఏఐ మిషన్ కింద రాయితీ ధరకు జీపీయూ సమయం అడగొచ్చు.

స్క్రీన్ ఆపి పనిచేయడం నేర్చుకోండి

టీములో ప్రతి ఒక్కరూ, గైడ్ మాస్టారితో సహా, కొన్నాళ్లు రోజూ ఒక గంట మానిటర్ ఆపేసి కూర్చోవాలి. ఎన్‌వీడీఏ వేసుకుని మీ కాలేజీ వెబ్‌సైట్ తెరవండి. హెచ్ నొక్కితే ఒక హెడ్డింగ్ నుంచి ఇంకో హెడ్డింగ్‌కి వెళ్తుంది. ట్యాబ్ నొక్కితే లింకులు, బటన్లు వరసగా వస్తాయి. ఇన్సర్ట్‌తో ఎఫ్7 నొక్కితే పేజీలో ఉన్న లింకుల, హెడ్డింగుల జాబితా వస్తుంది. అందులో "క్లిక్ హియర్, క్లిక్ హియర్, క్లిక్ హియర్" అని ఇరవైసార్లు వినబడిందంటే మీ మొదటి ప్రాజెక్ట్ దొరికినట్టే. ఫోనులో అయితే ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లు కలిపి కాసేపు నొక్కి పట్టుకుంటే అది మొదలవుతుంది. కుడికి జరిపితే తర్వాతి అంశం, రెండుసార్లు తడితే ఎంపిక.

కళ్లకు గంతలు కట్టుకుని క్యాంపస్‌లో తిరిగి "వాళ్ల బాధ అర్థమైంది" అని పోస్టు పెట్టడం మాత్రం వద్దు. గంతలు కట్టుకున్న గంటలో మీకు తెలిసేది కొత్తగా చూపు పోయినవాడి భయం. పదేళ్లుగా అలాగే బతుకుతున్నవాళ్ల నేర్పు మీకు అందులో తెలియదు. స్క్రీన్ రీడర్ సాధన పనిముట్టు నేర్చుకోవడానికే.

ఇంకో సంగతి. తెలుగు చదివే గొంతుల్లో ఈస్పీక్ ఎన్‌జీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ది రోబో గొంతులా ఉంటుంది. మన పిల్లలకు అది నచ్చదు, "సార్, సహజమైన గొంతు చేద్దాం" అంటారు. అలవాటైన యూజర్లు చాలామంది ఆ రోబో గొంతునే మనకు ఒక్క ముక్క అర్థం కానంత వేగంగా పెట్టుకుని వింటారు. అంత వేగంలో కూడా అక్షరం స్పష్టంగా ఉంటుంది కాబట్టి. నవల వినడానికి తీయటి గొంతు కావాలి, ఈమెయిల్ చూసుకోవడానికి వేగం కావాలి. ఏ పనికి చేస్తున్నారో తేల్చుకోకుండా గొంతు మీద ఆరు నెలలు పెట్టకండి.

మొదటి ప్రాజెక్ట్: కాలేజీ కాగితాలు

ఇది చూడ్డానికి చప్పగా ఉంటుంది. కానీ ల్యాబ్ పేరు నిలబెట్టేది ఇదే.

తెలుగులో వచ్చే సర్క్యులర్లు, సిలబస్ పుస్తకాలు, దూరవిద్య పాఠాలు చాలావరకు డీటీపీలో అను ఫాంట్లతో టైప్ అయినవి. కంటికి తెలుగే. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది. స్క్రీన్ రీడర్ బొమ్మను చూడదు, లోపలి కోడునే చదువుతుంది. అందుకే అది పిచ్చి అక్షరాలు చదువుతుంది. పరీక్షించడం తేలిక: పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు తెలుగుగానే వస్తే యూనికోడ్, అంటే తెలుగు అక్షరానికి దాని సొంత కోడే ఉన్నట్టు. ఇంగ్లీషు అక్షరాల చెత్త వస్తే పాత ఫాంటు. ఏమీ కాపీ కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ.

పాత ఫాంటు అయితే డీటీపీ ఆపరేటర్ దగ్గర అసలు ఫైలు అడిగి తెచ్చుకుని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడండి. పీడీఎఫ్ మీద కుస్తీ పట్టడం కన్నా ఆపరేటర్‌తో ఒక టీ తాగడం మేలు. మార్చాక వత్తులు, సున్నాలు, పొల్లులు తప్పకుండా సరిచూడాలి.

స్కాన్ బొమ్మ అయితే ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే సాఫ్ట్‌వేర్. వాటిలో టెసరాక్ట్‌కి తెలుగు ఉంది, ఉచితం. 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయండి, పేజీ వంకర సరిచేయండి. అయినా తప్పులొస్తాయి. ఎక్కడ వస్తాయో మన లిపి తెలిసినవాళ్లు ముందే ఊహించవచ్చు: "మ"కీ "వు"కీ, "ప"కీ "వ"కీ, "ద"కీ "ధ"కీ మధ్య తేడా చిన్న గీత, చిన్న ఖాళీ. అందుకే ఏఐ పని ఇక్కడ మొదలవుతుంది. ఓసీఆర్ ఇచ్చిన పాఠంలో అనుమానం ఉన్న పదాలను భాషా మోడల్‌తో గుర్తు పట్టించి, దిద్దే మనిషి ముందు అవే పెట్టండి. మోడల్ చేత నేరుగా దిద్దించకండి. అది తెలివిగా, తప్పు లేకుండా, పుస్తకంలో లేని వాక్యం రాసి పెడుతుంది. పరీక్షకు చదువుకునే పిల్లాడికి ఆ తేడా కనిపెట్టే దారి లేదు.

అక్షరం వచ్చాక నిర్మాణం ఇవ్వాలి. హెడ్డింగులు హెడ్డింగ్ స్టైల్‌లో, పట్టికలకు శీర్షిక వరస, బొమ్మలకు వివరణ. "బొమ్మ 3" అని రాస్తే వివరణ కాదు. గ్రాఫ్ అయితే అది ఏం చెప్తోందో ఒక వాక్యం రాయాలి. లెక్కలుంటే మ్యాథ్‌ఎంఎల్‌లో (సమీకరణాన్ని స్క్రీన్ రీడర్ చదవగలిగేలా రాసే పద్ధతి) పెట్టండి. సమీకరణం బొమ్మగా ఉంటే అక్కడ చదువు ఆగిపోయినట్టే.

కాపీరైట్ సంగతి మాస్టార్లు తప్పకుండా అడుగుతారు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, మామూలు పుస్తకం చదవలేనివాళ్ల కోసం లాభాపేక్ష లేకుండా వాళ్లకు అందే రూపంలోకి మార్చుకోవచ్చు. అలా మార్చిన ఫైలు వాళ్లకు మాత్రమే ఇవ్వాలి, అందరి వాట్సాప్ గ్రూపులో వేయకూడదు. మార్చేముందు చూపు లేనివాళ్ల కోసం ఉన్న ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో ఆ పుస్తకం ఇప్పటికే ఉందేమో వెతకండి.

మన యాసకు పరీక్ష

తెలుగు మాటను అక్షరంగా మార్చే మోడళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఐఐటీ మద్రాసులో ఏఐ4భారత్ అనే పరిశోధన బృందం ఇచ్చినవి, 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ భారతీయ భాషల వేదిక భాషిణిలో ఉన్నవి ముందు వాడి చూడండి. ఓపెన్‌ఏఐ వాళ్ల విస్పర్‌కి కూడా తెలుగు వచ్చు, కానీ దాని శిక్షణలో తెలుగు వాటా చాలా తక్కువ. సొంత మోడల్ సున్నా నుంచి కట్టాలనే సరదా పక్కన పెట్టండి. మీరు ఇవ్వగలిగిందీ, హైదరాబాదులోనో మద్రాసులోనో కూర్చుని ఇవ్వడం కష్టమైనదీ ఒకటుంది: శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ మన్యం అంచున మాట్లాడే మాట. "ఏటి సేస్తన్నావు" అన్నదాన్ని మోడల్ ఏం రాస్తుందో చూడండి. నత్తి ఉన్నవాళ్ల మాట, పక్షవాతం వచ్చాక మాట ముద్దయిన పెద్దవాళ్ల మాట ఏం రాస్తుందో చూడండి. కొన్ని గంటల పరీక్ష డేటా, చక్కగా రాసి పెట్టింది, మీ ల్యాబ్ నుంచి బయటికొస్తే అదే గట్టి పరిశోధన.

రికార్డు చేయడానికి స్టూడియో వద్దు. మామూలు ఫోను, 16 కిలోహెర్ట్జ్, మోనో, వేవ్ ఫైలు. కొంత గదిలో, కొంత ఆర్‌టీసీ కాంప్లెక్స్ లాంటి గోలలో. ఫ్యాను కింద కూర్చోబెట్టకండి. కాగితం చూసి చదివించకుండా ఏదో ఒకటి చెప్పించండి: పండక్కి ఊళ్లో ఏం చేశారు, చేపల పులుసు ఎలా పెడతారు. చదివే తెలుగు వేరు, మాట్లాడే తెలుగు వేరు.

అక్షరంలో పెట్టేవాళ్లకు ముందే రూలు రాసివ్వండి. విన్నది విన్నట్టు ఒక వరస, దానికి పుస్తక రూపం పక్కన ఇంకో వరస. "ఎల్పోనాడు" అని వింటే అదే రాయాలి, పక్కన "వెళ్లిపోయాడు". సొంతంగా దిద్దేస్తే మీ డేటాలోంచి యాస మాయమైపోతుంది.

లెక్క కట్టేటప్పుడు తెలుగులో ఒక చిక్కు ఉంది. పద దోషాల శాతం (మోడల్ నూటికి ఎన్ని పదాలు తప్పు రాసిందన్న లెక్క) మన భాషకు అన్యాయం చేస్తుంది. "పని అయిపోయింది", "పనైపోయింది" రెండూ సరైనవే. కానీ ఒకటి రెండు పదాలు, ఇంకొకటి ఒకే పదం, యంత్రం దాన్ని తప్పుగా లెక్కేస్తుంది. అక్షర దోషాల శాతం కూడా పక్కనే ఇవ్వండి. ఆపైన అర్థం మారిన తప్పులు ఎన్నో చేత్తో లెక్కపెట్టి ఇవ్వండి. డేటాని శిక్షణకు, పరీక్షకు విడగొట్టేటప్పుడు వాక్యాల వారీగా కాకుండా మనుషుల వారీగా విడగొట్టాలి. ఒకే మనిషి గొంతు రెండు పక్కలా ఉంటే ఫలితం బ్రహ్మాండంగా వస్తుంది, కొత్త మనిషి మాట్లాడగానే కుప్పకూలుతుంది.

అనుమతి పత్రం తెలుగులో, పది వాక్యాలు మించకుండా రాయండి. చదవలేనివాళ్లకు చదివి వినిపించి, ఒప్పుకున్నట్టు వాళ్ల గొంతులోనే రికార్డు చేయండి. ఎప్పుడైనా వద్దనుకుంటే తీసేస్తామని చెప్పండి, చెప్పినట్టు తీసేయగలిగేలా ప్రతి ఫైలుకీ పేరు బదులు కోడ్ ఇవ్వండి. సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి డేటా సేకరణకు ముందే రావాలి, పేపర్ పంపేముందు కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పిల్లల సమాచారానికి, చట్టబద్ధ సంరక్షకుడు ఉన్న దివ్యాంగుల సమాచారానికి అదనపు జాగ్రత్త అడుగుతుంది. వచ్చినవాళ్లకు ఆటో ఖర్చు, సమయానికి డబ్బు రెండూ ఇవ్వండి. బిస్కెట్ ప్యాకెట్, సర్టిఫికెట్ ఇచ్చి పంపడం మర్యాద కాదు.

సిటీ బస్సు బోర్డు చదివించాలంటే

ఏ టీమ్‌ని అడిగినా ముందు చెప్పే ఆలోచన ఇదే, చెడ్డది కూడా కాదు. గురుద్వారా స్టాపులో నిలబడ్డ చూపు లేని మనిషికి వచ్చేది 28 నంబరా, 28కె నంబరా తెలియాలి. ఎలా చేయాలో చూద్దాం.

కెమెరా దారి: ఫోను పట్టుకుంటే బోర్డు ఎక్కడుందో ఒక మోడల్ వెతుకుతుంది, ఇంకోటి నంబరు చదువుతుంది, గొంతు చెప్తుంది. క్లాసులో ఫొటోల మీద బాగా పనిచేస్తుంది. స్టాపులో కష్టాలు వేరు. చూపు లేని మనిషి కెమెరాని ఎటు తిప్పాలి? ఎల్ఈడీ బోర్డు కంటికి నిలకడగా ఉన్నా కెమెరాలో సగం గీతలు ఆరిపోయి కనబడుతుంది, 8 కాస్తా 3 అవుతుంది. చివర ఉన్న "కె" దూరం నుంచి తెలియదు. ముందు ఒక ఆటో అడ్డం. బస్సు ఆగేది కొన్ని సెకన్లు. నెట్‌కి పంపి జవాబు తెచ్చుకునేలోపు అది వెళ్లిపోతుంది, కాబట్టి మోడల్‌ని కుదించి ఫోనులోనే నడపాలి. తప్పు నంబరు ధీమాగా చెప్పడం కన్నా "చదవలేకపోయాను" అనడం నయం. ఎంత నమ్మకం ఉంటే నంబరు చెప్పాలి అన్నది మీరు పెట్టకండి, వాడేవాళ్లతో కూర్చుని పెట్టండి. కొంతమంది "అనుమానంగా ఉన్నా చెప్పు, కండక్టర్‌ని అడుగుతాను" అంటారు. రాత్రిపూట ఒంటరిగా వెళ్లే అమ్మాయి అలా అనదు.

కెమెరా లేని దారి కూడా చూడండి. ఐఐటీ ఢిల్లీలో ఆసిస్‌టెక్ ల్యాబ్ చేసిన ఆన్‌బోర్డ్ పరికరంలో మనిషి చేతిలో ఒక రేడియో బటన్ ఉంటుంది. నొక్కితే దగ్గరికొచ్చిన బస్సు తలుపు దగ్గరి స్పీకర్ నంబరు చెప్తుంది, ఆ శబ్దాన్ని బట్టి తలుపు ఎటుందో కూడా తెలుస్తుంది. అందులో ఏఐ లేదు. చిక్కల్లా ఆర్‌టీసీ ప్రతి బస్సుకీ బిగించాలి. బస్సులో జీపీఎస్ ఉంటే "మీ 900కె ఇంకో రెండు స్టాపుల దూరంలో ఉంది" అని చెప్పడం ఇంకో దారి. మూడిటినీ పక్కపక్కన పెట్టి చూసిన టీమ్, కెమెరా ఒక్కటే పట్టుకు కూర్చున్న టీమ్ కన్నా మంచి రిపోర్టు రాస్తుంది. చూపు లేనివాళ్లకు ఎదురుగా ఉన్నది చెప్పే లుకౌట్, సీయింగ్ ఏఐ, బీ మై ఐస్ లాంటి యాప్‌లు ఇప్పటికే ఏం చేయగలవో వారం రోజులు వాడి చూశాకే కోడ్ మొదలుపెట్టండి.

సైగల విషయంలో తొందరపడొద్దు

గ్లవ్ తొడుక్కుంటే సైగలు మాటలైపోతాయన్న ప్రాజెక్టుల మీద బధిర సమాజం ఎప్పటినుంచో అభ్యంతరం చెప్తోంది. సైగ భాషలో వ్యాకరణం చేతుల్లోనే లేదు. కనుబొమలు, పెదాలు, భుజం వాలు, చూపు ఎటు పోయిందన్నది అన్నీ అర్థంలో భాగం. గ్లవ్‌కి అవి తెలియవు. పైగా అది వినేవాళ్ల సౌకర్యం కోసం వినలేనివాళ్ల చేతికి తగిలించిన బరువు.

భారతీయ సైగ భాషకు ఏఐ4భారత్ 2020లో ఇచ్చిన ఇన్‌క్లూడ్ అనే డేటాలో 263 పదాలకు 4,287 వీడియోలు ఉన్నాయి. విడి పదాలు అవి. విడి పదాలు గుర్తుపట్టే మోడల్‌ని పిల్లలు సెమిస్టర్‌లో చేయగలరు, నేర్చుకోవడానికి మంచిది. "సైగలను తెలుగులోకి అనువదిస్తాం" అని మాత్రం పత్రికలకు చెప్పకండి. నిజంగా పనికొచ్చేది కావాలంటే ఇవి చేయండి: మీ కాలేజీ వీడియో పాఠాలకు సరిచూసిన తెలుగు క్యాప్షన్లు, బధిర ఉపాధ్యాయుల చేత ఇంజినీరింగ్ పదాలకు సైగల వీడియో నిఘంటువు. 2015లో ఏర్పడిన ఢిల్లీలోని భారతీయ సైగ భాషా పరిశోధన కేంద్రం 10 వేల పదాల నిఘంటువు ఇచ్చింది, మొదట అందులో వెతకండి. మీటింగులకు సైగల దుబాసీని పిలవండి, ఆ ఖర్చు బడ్జెట్‌లో మొదటి వరసలోనే రాయండి. మాట్లాడేటప్పుడు దుబాసీ ముఖం కాకుండా ఎదుటి మనిషి ముఖం చూడండి.

పరీక్షించేటప్పుడు

మనవాళ్ల మర్యాదే మీకు అడ్డం. మాస్టారు పిలిచి, టీ ఇచ్చి, "ఎలా ఉంది బాబూ?" అంటే "బాగుందండి మాస్టారూ" అనే అంటారు. ఆ మాటకి విలువ లేదు. అభిప్రాయం అడగకుండా పని చెప్పండి: "ఈ నోటీసులో పరీక్ష తేదీ ఎప్పుడో కనుక్కోండి." తర్వాత మీరు మాట్లాడకుండా కూర్చోండి. వేలు ఎక్కడ ఆగింది, ఎన్నిసార్లు వెనక్కి వెళ్లారు, ఎక్కడ నిట్టూర్చారు, అవి రాసుకోండి. యాప్ చేసిన విద్యార్థిని ఆ గదిలో ఉండనివ్వకండి. ఆగలేక "అక్కడ కాదు అక్కా, కింద" అనేస్తాడు. ఐదారుగురు వాడితే పెద్ద తప్పులన్నీ దాదాపు బయటపడతాయి. తీసుకెళ్లి కూర్చోబెట్టేటప్పుడు చెయ్యి పట్టి లాగకండి, మీ మోచెయ్యి ఇవ్వండి, వాళ్లే పట్టుకుంటారు.

వెబ్ పేజీలకైతే కొలతలు ఉన్నాయి. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వ్యత్యాసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1. తెలుగులో తలకట్లు, వత్తులు సన్నగా ఉంటాయి కాబట్టి ఇంకాస్త ఎక్కువే పెట్టుకోండి, వరసల మధ్య ఖాళీ కూడా. లేకపోతే కింది వత్తు తర్వాతి వరస గుడిదీర్ఘానికి తగులుతుంది. మన దేశపు ప్రమాణం ఐఎస్ 17802.

ఫైలు కదలాలంటే

కాలేజీ పోర్టల్ మార్చమని అడిగితే "చూద్దాం" అంటారు. నోట్‌లో చట్టం రాయండి. 2024 నవంబరులో రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు, యాక్సెసిబిలిటీ ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నిబంధనలు చేయాలని కేంద్రానికి చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమంది. ఈ రెండు వాక్యాలతో పాటు మీ పోర్టల్‌లో స్క్రీన్ రీడర్ ఎక్కడ ఆగిపోతోందో రెండు నిమిషాల వీడియో జత చేయండి. వీడియో చూసిన రిజిస్ట్రార్లు చట్టం చదివిన రిజిస్ట్రార్ల కన్నా త్వరగా సంతకం పెడతారని నా నమ్మకం.

డబ్బుకి కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖలో దివ్యాంగులు, వృద్ధుల కోసం టైడ్ అనే పథకం ఉంది. ఊళ్లో పెద్ద పరిశ్రమలున్నాయి కాబట్టి సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యతగా ఇచ్చే నిధులు) కూడా అడగొచ్చు. వాళ్లు పరికరాల పంపిణీ ఫొటోలు అడుగుతారు. మీరు మాత్రం దుబాసీ ఖర్చు, ప్రూఫ్‌రీడర్ జీతం, యూజర్ల గౌరవ వేతనం అడగండి. పరికరాలు ఇచ్చేవాళ్లు దొరుకుతారు, వీటికి ఇచ్చేవాళ్లే దొరకరు.

ఏప్రిల్ గండం

నాలుగో ఏడు పిల్లలు వెళ్లిపోగానే సగం ల్యాబులు మూతపడతాయి. పాస్‌వర్డ్ ఒకరి జీమెయిల్‌లో, మోడల్ ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో, ఉచిత సర్వర్ గడువు మే నెలాఖరుకి. అందుకే జనవరి నుంచే ప్రతి పనికీ ఒక రెండో ఏడు విద్యార్థిని జత చేయండి. కోడ్, మోడల్, డేటా రూల్స్ ల్యాబ్ ఖాతాలో ఉండాలి. కొత్త మనిషి కోడ్‌తో పాటు ఉంచిన రీడ్‌మీ (ఎలా నడపాలో రాసిన ఫైలు) ఒక్కటే చూసి, ఎవరినీ అడగకుండా, కొత్త కంప్యూటర్‌లో దాన్ని నడపగలిగితేనే సీనియర్‌కి ప్రాజెక్ట్ మార్కులు వేయండి. సర్వర్ ఖర్చు ఎవరు కడతారో తేలని సేవ జనానికి ఇవ్వకండి. అలవాటు చేసి ఆపేయడం మొదట్నుంచీ ఇవ్వకపోవడం కన్నా అన్యాయం.

వాడేవాళ్లలో ఒప్పుకున్నవాళ్ల ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో ఉంచండి. జూన్ రెండో వారంలో కొత్త టీమ్ చేయాల్సిన మొదటి పని వాళ్లకు ఫోన్ చేసి "ఇంకా వాడుతున్నారా అండీ, ఎక్కడ ఆగిపోయింది?" అని అడగడం. ఆ జవాబులతోనే ఆ ఏడాది పనుల జాబితా మొదలుపెట్టండి.